మూడో గిన్నె

పలకరింపుకు వెళ్లడం నాకు చేతకాని పని. వెళ్లి ఏం మాట్లాడాలో తెలియదు, మాట్లాడకుండా ఎంతసేపు కూర్చోవాలో అంతకన్నా తెలియదు. అందుకే పద్మారావు నగర్‌లో మల్లేశం మామ పోయాడని పాత పొరుగువాళ్లెవరో ఫోన్ చేసి చెప్పాక కూడా మూడు వారాలు యాప్రాల్‌లో మా ఇంట్లోనే అటూ ఇటూ తిరిగాను. మేం అద్దెకున్న ఆయన ఇంటి నుంచి నాకు పదేళ్లప్పుడు వచ్చేశాం, ఇప్పుడు నాకు అరవై దగ్గర పడ్డాయి, మధ్యలో ఒక్కసారీ ఆ గడప తొక్కలేదు. ఇప్పుడు వెళితే ఆయన భార్య యాదమ్మత్త గుర్తుపడుతుందా, గుర్తుపట్టి పొమ్మంటుందా అని నా గోల. చివరికి మా అమ్మాయి స్వాతి విసిగిపోయి, "అమ్మా, ఆటో బుక్ చేశాను, కింద ఉంది, ఇంక నువ్వు పో" అని గెంటినంత పని చేసింది.

గల్లీ పేరు అదే గానీ గల్లీ అది కాదు. మేం అద్దెకున్న పెంకుటింటి ముందు భాగం పోయి రెండంతస్తులు లేచాయి, కింద మొబైల్ రీఛార్జి కొట్టు వచ్చింది. వెనక వాకిలి మాత్రం అలాగే ఉంది. కుళాయి, నల్లబడిన బండ, మూలన రేకు తలుపు బాత్రూం. ఆ తలుపు చూడగానే నా ముక్కుకి హైపో ఘాటు తగిలింది. అక్కడ ఆ వాసన ఉండే అవకాశమే లేదు, అయినా తగిలింది. ఫోటోలు కడిగే మందు అది, పులిసిన చింతపండులా గుప్పుమనేది. నా చిన్నతనమంతా మా నాన్న వేళ్లకి ఆ వాసనే. అన్నం కలిపి ముద్ద పెట్టినా అదే వాసన, జడ వేసినా అదే వాసన. పోయినవాళ్లని తలుచుకోవడానికి అందరికీ అగరొత్తుల వాసనో మల్లెల వాసనో ఉంటుంది కాబోలు, నా రాత ఇది.

యాదమ్మత్త వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. ఎనభై దాటాయి. నేను నోరు తెరిచేలోపే, "ఫోటో సారు బిడ్డవు గదా, మీ అమ్మ నడకే నడుస్తున్నవ్. రా, కూసో" అంది. నేను కూర్చున్నాను. ఆమే మాట్లాడింది. మామకి రెండేళ్లుగా బాగాలేదట, ఆఖరికి మనుషుల్ని కూడా గుర్తుపట్టలేదట, ఎక్కువ తక్లీఫ్ పడకుండా పోయాడట. చెప్పడం అయ్యాక లేచి లోపలికి వెళ్లి, ఒక స్టీలు గిన్నె తెచ్చి నా ఒళ్లో పెట్టింది. మూత మీద మా అమ్మ పేరు చుక్కలుగా కొట్టి ఉంది: జి. సరోజిని. "మీ ఇంటిదే. ఉత్త గిన్నె ఇస్తున్నననుకోకు బిడ్డా, ఇల్లు ఇంక అంటులనే ఉన్నట్టున్నది నాకు, ఏం జేయ బుద్ధయితలేదు. దాంట్ల మీ నాయినది సుత ఉన్నది."

మూత తీశాను. లోపల మెత్తని పంచె ముక్కలో చుట్టిన ఫిల్ము రోలు ఉంది. ఆ రోలేమిటో చెప్పాలంటే ఆ వాకిట్లో మేం బతికిన బతుకు చెప్పాలి.

ఇల్లు మల్లేశం మామ వాళ్ల తాతలనాటిది. రెండు వాటాలు, ఒకటే వాకిలి, ఒకటే బాత్రూం. ఒక వాటాలో వాళ్లు, రెండో వాటాలో కృష్ణా జిల్లా నుంచి ఒక ట్రంకు పెట్టె, ఒక కెమెరా, ఒక భార్యతో దిగిన మా నాన్న. నేను ఆ వాటాలోనే పుట్టాను. మా నాన్న ఒక తెలుగు పత్రికలో ఫోటోగ్రాఫరు. మల్లేశం మామ పోలీసు శాఖలో హెడ్ కానిస్టేబులు, గల్లీలో అందరికీ జమేదారు. ఆయన యూనిఫారం మా అమ్మ ఉతికిన దుప్పట్ల పక్కనే ఒకే తీగ మీద ఆరేది. మా నాన్న నెగెటివులు కూడా ఆ తీగ మీదే, బట్టల క్లిప్పులకి వేలాడేవి. ఎప్పుడైనా గాలి వీస్తే పోలీసు దెబ్బలు తిన్నవాళ్ల బొమ్మలు వెళ్లి పోలీసు చొక్కాకి తగిలేవి. మా అమ్మ పరుగెత్తుకొచ్చి విడదీసేది, చొక్కాకి మరకంటుతుందని.

ఆఫీసులో డార్క్ రూము ఉన్నా మా నాన్నకి దాని మీద నమ్మకం లేదు. తన రోలు తన చేత్తో కడుక్కోకపోతే ఆయనకి అన్నం సహించదు. మధ్యాహ్నం పరుగున ఇంటికొచ్చి, బాత్రూం కిటికీకి నల్ల రెక్సిన్ గుడ్డ కట్టి, తలుపు బిగించుకుని, చీకట్లో రోలు కడిగి, ఆపైన ఎర్ర బల్బు వేసుకుని బొమ్మలు తేల్చేవాడు. ఇక ఆ గంటన్నర రెండు వాటాల్లో ఎవరికీ స్నానం లేదు. సాయంత్రం డ్యూటీకి వెళ్లాల్సిన రోజుల్లో మల్లేశం మామ భుజాన తువ్వాలు, చేతిలో చెంబుతో తలుపు బయట నిలబడి అరిచేవాడు. "ఫోటో సార్! మా డిపార్ట్‌మెంటు బొమ్మలు కడుగుడు అయిందా? నా ఒళ్లు జెర కడుక్కోనియ్యి!" లోపలి నుంచి మా నాన్న, "రెండే రెండు నిమిషాలండీ మల్లేశం గారూ, మీ ఇన్‌స్పెక్టరు గారి మొహం ఇప్పుడిప్పుడే తేలుతోంది" అనేవాడు. "ఆయన మొకం తేలకుంటెనే మంచిగుంటది సార్, ముంచెయ్యి" అని ఈయన. యాదమ్మత్త, మా అమ్మ కుళాయి దగ్గర కూర్చుని నవ్వలేక చచ్చేవాళ్లు.

మామ లాఠీ వాళ్ల వాటా గుమ్మం పక్కన గోడకి ఆనించి ఉండేది. ఆదివారం ఆదివారం దానికి నువ్వుల నూనె రాసి ఎండలో పెట్టేవాడు. నూనె పడితే కర్ర చీలదట. ఆ పనయ్యాక అదే నూనె అరచేతిలో వేసుకుని నా నెత్తిన మర్దనా చేసేవాడు. నాకు ఇందులో వింతేమీ కనబడేది కాదు. ఒకే గిన్నెలో నూనె, ముందు లాఠీకి, తర్వాత నా జుట్టుకి. ఊరేగింపో ధర్నానో ఉన్న రోజు ఇద్దరూ ఒకే స్కూటరు మీద బయల్దేరేవాళ్లు. మా నాన్న ముందు, కెమెరా సంచి మెడలో వేసుకుని. మామ వెనక, లాఠీ నిలువుగా పట్టుకుని. చోటు ఒకటే గదా, రెండు దారులెందుకని. కాకపోతే జనం కనబడే ముందరే మామ దిగిపోయేవాడు. అక్కడి నుంచి ఒకరినొకరు ఎరగనట్టే. సాయంత్రం మళ్లీ వాకిట్లో టీ తాగుతూ, ఎవరు ముందు తోశారు, ఎవరు ముందు కొట్టారు అని తగువు పడేవాళ్లు. నాన్నకి గొంతు ఎక్కువ, మామకి ఓపిక ఎక్కువ. తగువు ఎప్పుడూ సమంగానే ముగిసేది.

ఆ రోజుల్లో పోలీసులు ఫోటోగ్రాఫరుని పట్టుకుంటే చేసే పని ఒకటే, కెమెరా వెనక మూత తెరిచి ఫిల్ము బయటికి లాగి ఎండలో పెట్టడం. ఎండ తగిలిందంటే బొమ్మలన్నీ పోయినట్టే. అందుకని అసలు బొమ్మలు తీయగానే రోలు చుట్టి బయటికి తీసి, కెమెరాలో ఉత్తుత్తి రోలు ఒకటి వేసుకుని తిరిగేవాడు నాన్న. మరి తీసిన రోలు ఎక్కడ దాచాలి? జేబులు వెతుకుతారు, సాక్సులు వెతుకుతారు, ఒకసారి బనీను కూడా వెతికారు. ఉపాయం చెప్పింది మరెవరో కాదు, మల్లేశం మామే. ఒక ఆదివారం నూనె రాస్తూ, సగం నవ్వుతూ అన్నాడు. "ఎంగిలి కూడు ఏ పోలీసోడు ముట్టడు సార్. మేం సుత అమ్మకు పుట్టినోళ్లమే." అంతే, ఆ మర్నాడే మా అమ్మ మూడు గిన్నెల టిఫిన్ క్యారియర్ కొనుక్కొచ్చి మూడింటి మీదా పేరు కొట్టించింది. పై గిన్నెలో గోంగూర, నడిమి గిన్నెలో పెరుగన్నం. అడుగున మూడోది ఖాళీ, దానికి విడిగా ఒక మూత. నాన్న ముందే నాలుగు ముద్దలు తిని, మిగతాది కావాలని కెలికి అసహ్యంగా ఉంచేవాడు. రోలు మూడో గిన్నెలో కూర్చునేది. ఎన్ని ధర్నాలు, ఎన్ని బంద్‌లు! పై మూత తీయడం, ఆ ఎంగిలి చూసి ఛీ అని మొహం తిప్పుకోవడం, అంతే. మూడో గిన్నె దాకా ఎవరూ రాలేదు. దాని సంగతి ఇంట్లో మా ముగ్గురికీ, బయట ఒక్క మల్లేశం మామ కుటుంబానికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఇక ప్రభాకరన్న గురించి చెప్పాలి. మౌలాలి రైల్వే కాలనీ నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చి నాకు లెక్కలు చెప్పేవాడు. డిగ్రీ చదువుతున్నాడు. వాళ్ల నాన్న రైల్వేలో కలాసీ. నాకు లెక్కలు రాకపోవడం అతని తప్పు కాదు, ఎక్కాలు అప్పజెప్పమంటే నేను యాదమ్మత్త వంటింటి వైపు ముక్కు పెట్టుకుని కూర్చునేదాన్ని. ఆమె చేసే సర్వపిండి అలాంటిది. బియ్యప్పిండిలో పల్లీలు, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, పచ్చిమిర్చి కలిపి, గిన్నె లోపలి అంచులకే అద్ది, వేలితో చిల్లులు పొడిచి, చిల్లుల్లో నూనె పోసి కాల్చేది. గిన్నె బోర్లిస్తే కరకరలాడుతూ ఊడొచ్చేది. మొదటి ముక్క నాకు, రెండోది ప్రభాకరన్నకి. ఆ ఏడే అతనికి రైల్వేలో గుమాస్తా ఉద్యోగం వచ్చింది. పోలీసు విచారణ కాగితం ఒకటి రావాలి, అంతే. మల్లేశం మామే, "నీ మీద ఏముంటది బిడ్డా, వారంల వస్తది" అని భుజం తట్టాడు.

ఆ వారంలోనే బస్సు పాసుల రేట్లు పెంచారని విద్యార్థులు క్లాక్ టవర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నారు. ప్రభాకరన్న వెళ్లాడు. ఉద్యోగం వచ్చినవాడికి పాసుతో పనేమిటని అమ్మ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో. పోలీసులు లేవమన్నారు, వీళ్లు లేవలేదు, తర్వాత లాఠీలు లేచాయి. ప్రభాకరన్న ఎడమ మణికట్టు విరిగింది. రాయి విసిరి ఒక పోలీసు తల పగలగొట్టాడని అతని మీదే కేసు పెట్టారు. మా నాన్న అక్కడే ఉన్నాడు, బొమ్మలు తీశాడు, రోలు మూడో గిన్నెలో వేశాడు. ఆ రోజు పత్రికలవాళ్లందరినీ వ్యాన్ ఎక్కించి, సంచులు క్యారియర్లు విడిగా తీసుకుని, సాయంత్రం దాకా స్టేషన్‌లో కూర్చోబెట్టారు. వదిలేటప్పుడు నాన్న క్యారియర్ నాన్నకి ఇచ్చారు. అందులో రెండు గిన్నెలే ఉన్నాయి.

ఇంటికి వచ్చినప్పటి నాన్న మొహం నాకు ఈ రోజుకీ కళ్లకి కట్టినట్టుంది. చొక్కా చిరిగి ఉంది, అది కాదు. వాకిట్లో నిలబడి, గల్లీ అంతా వినేలా, "మల్లేశం! బయటికి రా! ఇన్నాళ్లూ నా అన్నం తిని నా గిన్నే మీ పైవాళ్లకి అప్పజెబుతావా? దొంగా!" అని అరిచాడు. గారూ లేదు, అండీ లేదు. మామ బయటికి వచ్చాడు. తల వంచుకుని నిలబడి, కాసేపటికి లోపలికి వెళ్లిపోయాడు. "ఆ ఒక్క ఫోటో ఉంటే కేసు నిలవదే. రాయి పట్టుకోవాల్సిన చేతులు రెండూ నెత్తిమీదున్నాయి" అని నాన్న అమ్మతో అన్నాడు. కొట్టింది ఎవరండీ అని అమ్మ అడిగితే సమాధానం చెప్పలేదు. ఆ రాత్రే కాదు, పోయేదాకా చెప్పలేదు. నన్ను మాత్రం పిలిచి, ఆ ఇంటి మనుషులతో మాటలొద్దు, ఆ ఇంటి ఎంగిలి ముట్టొద్దు అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం అమ్మ రేషన్ షాపుకి వెళ్లింది, నాన్న ఆఫీసులో ఉన్నాడు. తలుపు తట్టిన చప్పుడైతే కిటికీలోంచి చూశాను. యాదమ్మత్త, చేతిలో మా మూడో గిన్నె. మూత సందులోంచి సర్వపిండి వాసన వస్తోంది. పొరుగువాళ్ల గిన్నె ఉత్తగా తిరిగివ్వడం ఆమెకి తెలియని పని. "అమ్మకియ్యి బిడ్డా. అమ్మనే తెరువమను" అంది. నాకు నోరూరింది, ఆ సంగతి ఒప్పుకోవాలి. నోరూరినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. తలుపు తీయకుండా, కిటికీ చువ్వల్లోంచి, "మీ ఇంటి ఎంగిలి మాకొద్దు. మా నాన్న ముట్టొద్దన్నాడు" అన్నాను. ఆమె ఇంకా నిలబడే ఉంటే కిటికీ రెక్క వేసేశాను. సాయంత్రం ఈ ఘనకార్యం, అది మా గిన్నేనన్న ముక్క తప్ప, నాన్నకి చెబితే, హైపో చేత్తో నా తల నిమిరి, "మంచి పని చేశావమ్మా" అన్నాడు. ఆ నెలాఖరుకే ఇల్లు ఖాళీ చేశాం. సామాను రిక్షా ఎక్కుతుంటే మామ గుమ్మంలో నిలబడి చూశాడు. నేను చెయ్యి ఊపబోయి మానేశాను. ప్రభాకరన్న కేసు ఏళ్ల తరబడి నడిచి, సాక్ష్యం లేదని పోయింది. అది పోయేలోపే ఉద్యోగం పోయింది.

ఇదీ ఆ గిన్నె కథ. దాన్ని ఒళ్లో పెట్టుకుని యాప్రాల్ తిరిగొస్తూ ఆటోలో నేను ఏడ్చిన ఏడుపుకి డ్రైవరు రెండుసార్లు బండి ఆపి, "మేడం, హాస్పిటల్ పోదామా" అని అడిగాడు. సర్వపిండి కింద రోలు ఉందని ఇన్నేళ్ల తర్వాత తెలిసినదానికి ఏ హాస్పిటల్ పనికొస్తుంది? ఎంగిలి ఎవరూ ముట్టరని నమ్మి నాన్న అందులో బొమ్మలు దాచాడు. ఆ బొమ్మలు తిరిగొస్తే నేను ఎంగిలని వెనక్కి పంపాను.

రోలు చూసి స్వాతి ఎగిరి గంతేసింది. ఆమెది కూడా తాత వృత్తే. ఫోన్లో వచ్చే ఒక చిన్న వార్తా ఛానెల్‌లో పని. పోయిన నెల ఒక ధర్నా దగ్గర పోలీసులు ఆమె ఫోన్ లాక్కుని, మెడలో కార్డు చూపిస్తున్నా వినకుండా వ్యాన్‌లో పడేసి, ఊరి బయట ఏదో స్టేషన్‌లో కూర్చోబెట్టి చీకటి పడ్డాక వదిలారు. ఇంటికి వచ్చాక మోచేతి మీద కమిలిన చోట వెన్న రాస్తూ, "వీడియో పోయిందా?" అని అడిగాను. "ఎందుకు పోతుందమ్మా, తీస్తుండగానే జనం చూసేశారు" అని నవ్వింది. మూడో గిన్నెతో పని లేని రోజులు, మంచిదే. "కొట్టింది ఎవరే?" అని అడిగితే మాత్రం, "ఏమో. హెల్మెటు, మొహానికి గుడ్డ, చొక్కా మీద పేరు కూడా లేదు" అంది. నేను వెన్న రాస్తూనే ఉన్నాను. మా కాలంలో దెబ్బలు తక్కువేమీ కాదు, ఆ కాలాన్ని మెచ్చుకునే పిచ్చి నాకు లేదు. కానీ ఆ లాఠీ ఏ గుమ్మం పక్కన ఆనించి ఉంటుందో, దానికి ఏ నూనె రాస్తారో మాకు తెలుసు. తిట్టాలంటే పేరు పెట్టి పిలిచి తిట్టాం. నా కూతురికి తిట్టుకోవడానికి కూడా ఒక మనిషి లేడు. ఆ వాకిలి మీద నాకున్న బెంగలో ఇదీ ఒక భాగమేనని ఆ రోజు తెలిసింది.

పాత ఫిల్ములు కడిగేవాళ్లు ఇంకా ఉన్నారట. స్వాతికి తెలిసిన స్టూడియో ఆయన పది రోజులు తీసుకున్నాడు. ముప్పై ఆరు బొమ్మల్లో ముప్పై పొగ పట్టినట్టు పోయాయి. ఆరు మిగిలాయి. అయిదింట్లో గుంపు, బస్సు, గాల్లో లాఠీలు. ఆరోది దగ్గర నుంచి తీసింది. అంచులు తెల్లబారాయి గానీ నడుమ తేటగా ఉంది. రోడ్డు మీద బాసింపట్టు వేసుకుని ఒక కుర్రాడు, ఒళ్లో పుస్తకాలు, రెండు చేతులూ నెత్తిమీద. తల దించుకున్నాడు గానీ ఆ సన్నటి మెడ చూస్తే చాలు, ప్రభాకరన్న. అతని మీద లాఠీ ఎత్తి ఉన్నది మల్లేశం మామ.

చాలాసేపు ఆ బొమ్మ ముందు కూర్చున్నాను. మా నాన్న కెమెరా కంటికి ఆనించుకుని చూసింది ఇది. చూసి, బటన్ నొక్కాడు. అడిగినా పేరు చెప్పకుండా, తన నోటితో ఆ మాట అనకుండా పోయాడు.

బొమ్మ తీసుకుని మౌలాలి వెళ్లాను. ప్రభాకరన్న గుట్ట కింద జిరాక్సు కొట్టు నడుపుతాడని తెలుసు, అప్పుడప్పుడూ ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉంటాం. తల పండిపోయింది, ఎడమ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు. గిన్నె దొరికిన సంగతి చెప్పి బొమ్మ చేతిలో పెట్టాను. కళ్లజోడు తుడుచుకుని చూశాడు. "అరే, నేను గింత సన్నగుంటినా!" అన్నాడు ముందు. తర్వాత లాఠీ పట్టుకున్న మొహం మీద వేలు ఆగిపోయింది. "గీయన... కొట్టింది గీయననా?"

"నీకు తెలియదా అన్నా?"

"తల కిందికుండె, ఏం గనబడుతది? ఎవలో కొట్టిండ్రనే అనుకున్న." కుర్చీలో కూలబడ్డాడు. "రిటైరైనంక ఏటా వచ్చేటోడు ఇక్కడికి. పెన్షన్‌కు బతికున్నట్టు కాయితం ఇయ్యాలె గదా, దాని జిరాక్సుకు. పద్మారావు నగర్‌ల లేవా జిరాక్సు కొట్లు, ఇంత దూరం ఎందుకు మామా పరేషాన్ అంటే, నీ దగ్గర మంచిగ పడుతది బిడ్డా అనేటోడు. ఆ స్టూలు మీద గంట సేపు కూసునేటోడు. పిల్లలేం చేస్తున్నరు, చెయ్యి నొస్తదా అని అడిగేటోడు. నేనేమో పాత పరిచయం గదా అనుకున్న." ఉన్నట్టుండి గట్టిగా, "ఒక్కసారన్న చెప్తే ఏంబోయేది! నా నౌకరి మళ్లొస్తుండెనా? తిట్టేటోణ్ని, అంతే గదా!" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. లేచి, బొమ్మని మెషీన్ అద్దం మీద బోర్లా పెట్టి ఒక కాపీ తీశాడు. మల్లేశం మామ మొహం కాదు, తన చేతులే మళ్లీ మళ్లీ చూసుకున్నాడు. "చూడు, ఖాళీగున్నయ్. రాయి లేదు, ఏం లేదు. మా పిల్లలకు చూపెడత." అసలు బొమ్మ నాకు తిరిగిచ్చేశాడు.

మర్నాడు గిన్నె, బొమ్మ పట్టుకుని పద్మారావు నగర్ వెళ్లాను. ఈసారి నన్నెవరూ గెంటలేదు. బొమ్మ యాదమ్మత్తకి చూపించాలా వద్దా అని దారంతా తర్జనభర్జన పడ్డాను. ఆమె చెయ్యి చాచి తీసుకుంది. కళ్ల దగ్గర పెట్టుకుని, పెనిమిటి మొహం మీద బొటనవేలితో రాసింది.

"నాకు తెల్వదా బిడ్డా! స్టేషన్‌ల డబ్బాలన్నీ తెరుస్తరని ముందుగాలే గిన్నె గుంజుకొచ్చిండు. మీ నాయిన కోసం గుంజిండో, తన కోసం గుంజిండో తనకే తెల్వదు. పొయ్యి ముంగట కూసున్నడు, కాలబెడుతనని. తన మొకం ఉన్నది గదా దాంట్ల. తెల్లారేదాంక కూసున్నడు. లేచి, సర్వపిండి చెయ్యి, దాని కింద పెట్టి ఇచ్చి రా, నా నౌకరి పోతే పోనీ, పోరగాని నౌకరి ఉండాలె అన్నడు." బొమ్మ ఒళ్లో పెట్టుకుంది. "ధైర్యం ఒక్క దినమే వచ్చింది మా ఆయనకు. ఆ దినం మీ తలుపు తెరుసుకోలే. మళ్ల రాలే."

"తలుపు తీయనిది నేనే అత్తా."

"నువ్వే. నాకు యాదికున్నది. ఇంత ఉంటివి, గంత పెద్ద మాటన్నవ్." ఆమె గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండేది, నాకు తేలికయ్యేది. నేను క్షమించమని అడగాలనుకునే వచ్చాను. సంచిలోంచి గిన్నె తీసి ఆమె ముందు పెట్టాను.

"అత్తా, ఆ రోజు వద్దన్నది ఇప్పుడు పెడతావా?"

ఆమె గిన్నెకేసి చూసి, నాకేసి చూసింది. "ఇప్పుడా? నమలనీకి పండ్లున్నయా నీకు?" అంది.

"ఉన్నాయి, సగం."

"నాకు అవి సుత లేవు" అంటూ మంచం పట్టుకుని లేచింది. నేను చెయ్యి అందించాను. మామ పోయాక ఆ ఇంట్లో పొయ్యి మీద పిండి వంట పెట్టడం అదే మొదలు. ఆమె పిండి కలిపింది, నేను పల్లీలు దంచాను. మా అమ్మ పేరున్న గిన్నె లోపలికి ఆమె వణికే వేళ్లతో పిండి అద్దుతుంటే గిన్నె కదలకుండా నేను పట్టుకున్నాను. చిల్లులు నన్నే పొడవమంది, పొడిచాను. మూత పెట్టి ఇద్దరం పొయ్యి ముందు కింద కూర్చున్నాం. అది ఎర్రగా కాలి అంచులు వదిలేదాకా ఆమె గానీ నేను గానీ ఏమీ మాట్లాడలేదు.